ఆరోగ్యశ్రీ ఉండగా హెల్త్ పాలసీ తీసుకోవాలా? రెండూ ఉంటే ఏది ఎప్పుడు వాడాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ. సొంతంగా మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. ఇంట్లో ఆరుగురం: నేను (36 ఏళ్లు), నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ (63), నాన్న (71). అమ్మకు ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. రేషన్ కార్డు ఉంది కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. ఈమధ్య ఒక ఏజెంట్ వచ్చి ఆరుగురికీ కలిపి 10 లక్షల పాలసీ, ఏడాదికి 38,000 రూపాయలు అన్నాడు. ఆరోగ్యశ్రీని నమ్ముకోవద్దు, ఏ ఆసుపత్రీ తీసుకోవట్లేదు అంటాడు. మా బావ మాత్రం, కార్డు ఉండగా పాలసీ దండగ అంటాడు. పాలసీ తీసుకుంటే కార్డు రద్దవుతుందని షాపుకొచ్చే ఒకాయన భయపెట్టాడు. పెద్ద జబ్బు వస్తే రెండూ కలిపి 20 లక్షల దాకా వాడుకోవచ్చా? ఇంకోటి, అమ్మకు షుగర్ ఉందని ఫారంలో రాయొద్దు, రాస్తే పాలసీ రాదు అని ఏజెంట్ చెప్పాడు. ఏం చేయమంటారు?

సమాధానం:

తమ్ముడూ, నమస్తే. మీరు చివర్లో అడిగినదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం మీకు చేరేలోపే ఆ ఏజెంట్ మళ్లీ రావచ్చు. అమ్మగారి షుగర్, బీపీ రెండూ ఫారంలో రాయండి. ఎన్నేళ్లుగా ఉన్నాయో, ఏ మాత్రలు వాడుతున్నారో కూడా రాయండి. రాస్తే పాలసీ రాదంటే ఆ పాలసీ మీకు వద్దు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, దాచిన సంగతి బయటపడేది ఎక్కడో కాదు, మన నోటి నుంచే. అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చిన రోజు డ్యూటీ డాక్టర్ వచ్చి "షుగర్ ఉందా, ఎన్నేళ్ల నుంచి?" అని అడుగుతారు. ఆ కంగారులో మీరే "ఎనిమిదేళ్ల నుంచి సార్" అంటారు, అనాలి కూడా, అక్కడ అబద్ధం చెబితే చికిత్సే తేడా కొడుతుంది. అది కేస్ షీట్‌లో ఎక్కుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ మొట్టమొదట అడిగేది ఆ కేస్ షీటే. మీ పాలసీ తారీఖు చూస్తారు, ఎనిమిదేళ్లు అన్న మాట చూస్తారు, ఫారంలో "ఏ జబ్బూ లేదు" అన్న మీ సంతకం చూస్తారు. క్లెయిమ్ పోతుంది, కొన్నిసార్లు పాలసీయే రద్దు చేస్తారు. ఆ రోజు ఏజెంట్ ఫోన్ ఎత్తినా చేయగలిగిందేమీ ఉండదు.

ఐదేళ్లు గడిస్తే కంపెనీ ఏమీ అడగలేదని కూడా కొందరు ఏజెంట్లు చెప్తారు. అందులో సగం నిజం ఉంది. 60 నెలలు ఆగకుండా పాలసీ కట్టుకుంటూ వస్తే, ఆ తర్వాత "జబ్బు చెప్పలేదు" అనే కారణంతో క్లెయిమ్ ఆపకూడదని నియమం ఉంది. కానీ అదే నియమంలో మోసం చేసినట్టు రుజువైతే తప్ప అని కూడా ఉంది. ఆ సంగతి అలా ఉంచినా, షుగర్ ఉన్న 63 ఏళ్ల మనిషికి రాబోయే ఐదేళ్లలో ఆసుపత్రి అవసరం పడదని ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీరు సొంత డబ్బుతో హెల్త్ పాలసీ కొనుక్కున్నంత మాత్రాన రేషన్ కార్డు పోదు, ఆరోగ్యశ్రీ పోదు. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు చూసేది ఆదాయం: ఊళ్లలో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. షాపుకొచ్చినాయన బహుశా ఈఎస్ఐ (ఉద్యోగుల జీతంలో కొంత కోసి ఇచ్చే వైద్య బీమా) సంగతి విని దీనికి కలిపేసి ఉంటారు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం), రైల్వే, ఈఎస్ఐ లాంటి వేరే పథకం కింద వైద్యం అందుతున్నవాళ్లకు ఆరోగ్యశ్రీ ఉండదు, ఆ నియమం పథకం మొదలైనప్పటి నుంచీ ఉంది. మీది సొంత షాపు కాబట్టి మీకు ఆ సమస్య లేదు. రేపు మీ భార్య ఎక్కడైనా ఉద్యోగంలో చేరి జీతం 21,000 లోపు ఉంటే మాత్రం, జీతం స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉందేమో చూసుకోండి. అదేమీ నష్టం కాదు, ఈఎస్ఐ కూడా మంచి పథకమే, ఆధారపడిన తల్లిదండ్రులను కూడా చూస్తుంది. కాకపోతే అప్పుడు దారి మారుతుంది, ఆ మారిన సంగతి ముందే తెలిసి ఉండాలి.

రెండూ కలిపి 20 లక్షలు అన్నారు చూడండి, అలా కలవవు. ఇది అర్థం కావాలంటే ఆరోగ్యశ్రీ డబ్బులు ఎలా నడుస్తాయో కొంచెం చెప్పాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు ఇది కూడా ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారానే నడిచింది. ప్రీమియం ప్రభుత్వం కట్టేది. తర్వాత ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ ట్రస్టు నేరుగా ఆసుపత్రులకు చెల్లించే పద్ధతి వచ్చింది. తెలంగాణలో ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షలు, 2023 డిసెంబర్ 9 నుంచి. ఈ 10 లక్షలను మనవాళ్లు బ్యాంకులో ఉన్న సొమ్ములా లెక్కేసుకుంటారు. నిజానికి అక్కడ ఉన్నది చికిత్సల జాబితా, ఒక్కో చికిత్సకు ప్రభుత్వం నిర్ణయించిన ప్యాకేజీ రేటు. గుండెకు స్టెంట్ వేస్తే ఇంత, ఫలానా క్యాన్సర్ ఆపరేషన్‌కు ఇంత అని. ఆ రేటుకే టెస్టులు, ఆపరేషన్, మందులు, తిండి, డిశ్చార్జి తర్వాత కొన్ని రోజుల మందులు అన్నీ చూస్తామని ఆసుపత్రి ఒప్పుకుని నెట్‌వర్క్‌లో చేరుతుంది. కాబట్టి మీ దగ్గర రూపాయి తీసుకోకూడదు. "ప్యాకేజీ సరిపోదు, పైన 40,000 కట్టండి" అంటే అది తప్పు, 104కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. ఆరోగ్యశ్రీ కింద చేర్చాక "మిగిలిన బిల్లు" అనేదే ఉండదు. లేని బిల్లును ఇన్సూరెన్స్‌కు ఎలా పంపుతారు? అటునుంచి చూసినా అంతే. ఇన్సూరెన్స్ మీద చేరి, బిల్లు 8 లక్షలై, పాలసీ 5 లక్షల దగ్గర ఆగిపోతే, ఆ 3 లక్షలు ఆరోగ్యశ్రీలో వేయమంటే కుదరదు. ఎందుకంటే ఆరోగ్యశ్రీకి చికిత్సకు ముందే అనుమతి రావాలి, ప్యాకేజీ మొత్తం ఆ దారిలోనే జరగాలి. అంటే ఒక అడ్మిషన్‌కు ఒకటే దారి.

కానీ అడ్మిషన్ మారితే దారి మారొచ్చు. చాలామందికి తెలియక పోగొట్టుకునేది ఇక్కడే. క్యాన్సర్ సంగతే తీసుకోండి, దేవుడి దయవల్ల ఎవరికీ రాకూడదు గానీ, ఆపరేషన్ ఒకటి, తర్వాత కీమో ఆరు సార్లో ఎనిమిది సార్లో, తర్వాత రేడియేషన్. ఇవన్నీ ఒకే రోజు అయ్యేవి కావు. ఆపరేషన్ మీకు నమ్మకమున్న సర్జన్ దగ్గర పాలసీ మీద చేయించుకుని, పాలసీ డబ్బు అయిపోతే కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీ ఉన్న చోటికి మార్చుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, నిమ్స్ ఉంది. మారేటప్పుడు పాత రిపోర్టులు, బయాప్సీ స్లైడ్లు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ వెంట ఉండాలి, లేకపోతే టెస్టులన్నీ మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు.

ఏ ఆసుపత్రికి వెళ్లినా రిసెప్షన్‌లో మొదట అడిగేది ఒక్కటే: "కార్డా, ఇన్సూరెన్సా, క్యాషా?" రాత్రి రెండింటికి నాన్నగారికి ఛాతీ నొప్పి వచ్చిందనుకోండి, ఆ కంగారులో "ముందు చూడండి సార్, డబ్బులు కడతాం" అనేస్తాం. క్యాష్ కింద రాసుకుంటారు. తెల్లారాక కార్డు సంగతి గుర్తొచ్చి అడిగితే, అప్పటికే స్టెంట్ వేసేశారు, ఇప్పుడు మార్చలేం అంటారు. కాబట్టి ఇంట్లో అందరికీ, పెద్ద పిల్లాడికి కూడా, చెప్పి పెట్టండి: చేర్చేటప్పుడే "ఆరోగ్యశ్రీ ఉంది, ఆరోగ్యమిత్రను పిలవండి" అనాలి. ఆరోగ్యమిత్ర అంటే పథకం తరఫున ఆసుపత్రిలో కూర్చునే మనిషి. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆ డెస్క్ ఉంటుంది, అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. కార్డు చేతిలో లేకపోయినా నంబరు, ఆధార్ ఉంటే పని మొదలవుతుంది. రేషన్ కార్డు ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.

ఇక మీ బావగారి మాట. కార్డు ఉండగా పాలసీ దండగ అన్నారు. ఆయనతో నేను ఒప్పుకోలేను, అలాగని ఏజెంట్ మాటా ఒప్పుకోను.

ఏ ఆసుపత్రీ ఆరోగ్యశ్రీ తీసుకోవట్లేదనేది నిజం కాదు. ఇన్నేళ్లలో గుండె ఆపరేషన్లు, డయాలసిస్, క్యాన్సర్ చికిత్సలు ఈ కార్డు మీద జరిగి బతికి బయటపడ్డవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, అడిగి చూడండి. కానీ ఇబ్బందులు కూడా ఉన్నాయి. ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయిలు పేరుకుపోయి 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్నాళ్లు సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లో ఆపరేషన్ డేట్ పడినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. ఇది కాక, పేరున్న ఆసుపత్రులన్నీ నెట్‌వర్క్‌లో ఉండవు, ఉన్నవాటిలోనూ అన్ని విభాగాలకూ ఉండదు, గుండెకు ఉండి ఎముకలకు ఉండకపోవచ్చు. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే చేయించుకోవాలి. జాబితాలో లేని మామూలు జ్వరం, వాంతులు, విరేచనాలతో పిల్లాణ్ణి ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రోజులు పడుకోబెడితే ఆరోగ్యశ్రీ చాలావరకు దొరకదు. ఆ నాలుగు రోజులకే చేతిలోంచి ఎంత పోతుందో పిల్లలున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇంకొకటి ఉంది. కార్డు మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. రేపు షాపు బాగా నడిచి ఆదాయం పెరగొచ్చు, పెరగాలనే కోరుకుంటాను, పదేళ్ల తర్వాత పిల్లలకు ఉద్యోగాలొచ్చి కార్డు పోవచ్చు. అప్పటికి మీకు 46, మీకూ ఏ బీపీనో మొదలై ఉంటుంది. ఆ వయసులో కొత్తగా పాలసీకి వెళ్తే ప్రీమియం ఎక్కువ, వెయిటింగ్ మొదటి నుంచి, ఒక్కోసారి ఇవ్వనూ ఇవ్వరు. ఇప్పుడు మీకు, మీ భార్యకు, పిల్లలకు ఏ జబ్బూ లేదు. హెల్త్ పాలసీ కొనాల్సిన సమయం అదే. జబ్బు వచ్చాక కొంటే ఆ జబ్బుకే చాలాకాలం పనికిరాదు.

వెయిటింగ్ అంటే ఏమిటో ఏజెంట్ చెప్పాడో లేదో. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు యాక్సిడెంట్లకు తప్ప దేనికీ ఇవ్వరు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకీలు మార్పిడి, పైల్స్ లాంటి కొన్నింటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. ముందు నుంచే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. అంతకుముందు నాలుగేళ్లు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి మూడుకు తగ్గించారు. అంటే అమ్మగారి పేరు మీద ఈ రోజు పాలసీ తీసుకున్నా, షుగర్ వల్ల వచ్చే సమస్యకు మూడేళ్ల దాకా అది ఆదుకోకపోవచ్చు. ఆ మూడేళ్లూ అమ్మగారికి అండ ఆరోగ్యశ్రీయే. ఆ కార్డుకు పాత జబ్బు, కొత్త జబ్బు అన్న తేడా లేదు, రేపు ఉదయమే అవసరమైనా పనిచేస్తుంది. దీన్ని ఏజెంట్ "నమ్ముకోవద్దు" అన్నాడంటే అతనికి తెలియదు, లేదా తెలిసీ చెప్పలేదు.

అందుకే ఆరుగురికీ కలిపి 38,000 పాలసీ వద్దంటాను. ఒకే పాలసీలో అందరినీ కలిపితే ప్రీమియం ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కేస్తారు. మీ నాన్నగారి 71 ఏళ్ల వయసు మీ చంటివాడి ప్రీమియంలో కూడా కనిపిస్తుంది. పైగా ఆ మొత్తాన్ని ఆరుగురూ పంచుకోవాలి. మీరు, మీ భార్య, పిల్లలు నలుగురికీ ఒక పాలసీ విడిగా తీసుకోండి. 5 లక్షలతో మొదలుపెట్టండి, చాలు. తర్వాత చేతిలో ఆడినప్పుడు సూపర్ టాపప్ అని ఉంటుంది, మొదటి 5 లక్షలు దాటాక వచ్చే ఖర్చు మాత్రమే చూసేది, దానికి ప్రీమియం బాగా తక్కువ. ఆ మొదటి 5 లక్షలు ఆరోగ్యశ్రీ చూసుకుంటుంది కదా అని ఒక్క టాపప్ మాత్రమే కొనకండి, పైన చెప్పినట్టు ఒకే బిల్లులో ఆ రెండూ కలవవు. ఇంకో మంచి సంగతి, వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు. ఏజెంట్ చెప్పిన లెక్కలో ఇంకా పన్ను కలిపి ఉందేమో అడగండి.

పాలసీ ఎంచుకునేటప్పుడు ఒక్క విషయం దగ్గర మాత్రం నేను మిమ్మల్ని చాలాసేపు నిలబెడతాను, ఎందుకంటే అది మా ఇంట్లోనే జరిగింది. మా నాన్నకు హెర్నియా ఆపరేషన్. 3 లక్షల పాలసీ, వెయిటింగ్ అయిపోయింది, క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) అనుమతి వచ్చింది, ఏ టెన్షన్ లేదనుకున్నాం. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 3,000 అని ఉంది. ఆసుపత్రిలో ఆ రేటు గది ఖాళీ లేదు, 6,000 గది ఉంది అన్నారు. మూడు రోజులకు తేడా 9,000 కదా, మనం పెట్టుకుందాం అనుకున్నాం. డిశ్చార్జి రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి చివరికి 40,000 కట్టమన్నారు. అడిగితే అప్పుడు చెప్పారు: గది పరిమితికి రెట్టింపు తీసుకున్నారు కాబట్టి సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, నర్సింగ్ ఛార్జీలు అన్నిటిలోనూ సగమే వస్తుందని. ఆ ఛార్జీలు 62,000, గది 18,000, మొత్తం 80,000లో సగం మా మీద పడింది. మందులకు, టెస్టులకు, శరీరంలో అమర్చే పరికరాలకు ఈ కోత వేయకూడదని నియమం ఉంది, అది కూడా నాకు ఆ తర్వాతే తెలిసింది. నాన్న మంచం మీద కూర్చుని "నావల్ల ఎంత ఖర్చయిందిరా" అని అడుగుతుంటే మాకు నోట మాట రాలేదు.

కాబట్టి గది అద్దెకు పరిమితి లేని పాలసీ చూడండి, లేదా కనీసం "సింగిల్ ప్రైవేట్ రూమ్" అని రాసి ఉన్నది. ప్రీమియం కొంచెం ఎక్కువైనా సరే. కో-పే అని ఉంటే అడగండి, అంటే ప్రతి బిల్లులో పదో ఇరవయ్యో శాతం మీరు కట్టాలని అర్థం. గ్లౌజులు, మాస్కుల్లాంటివి సాధారణ పాలసీలో ఇవ్వరు, వాటికి విడిగా రైడర్ (పాలసీకి అదనంగా కొనుక్కునే సదుపాయం) ఉంటుంది. హనుమకొండ, వరంగల్‌లో మీరు నిజంగా వెళ్లే రెండు మూడు ఆసుపత్రులు ఆ కంపెనీ క్యాష్‌లెస్ జాబితాలో ఉన్నాయో లేదో, ఏజెంట్‌ను కాకుండా ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కే వెళ్లి అడగండి. వాళ్లకు ఏ కంపెనీ త్వరగా అనుమతిస్తుందో, ఏది తిప్పుతుందో రోజూ అనుభవమే. నియమం ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ తేల్చాలి, డిశ్చార్జి బిల్లు మీద మూడు గంటల్లోపు. ఆలస్యం చేస్తుంటే ఈ మాట డెస్క్ దగ్గర గట్టిగా అడగండి.

ఫారం ఏజెంట్ ఫోన్‌లో నింపి మిమ్మల్ని ఓటీపీ అడుగుతాడు. ఇవ్వకండి, ముందు తను నింపింది మొత్తం చూపించమనండి. పాలసీ చేతికొచ్చాక దాంతోపాటు మీ ఫారం కాపీ ఉంటుంది, ఆరోగ్యం గురించిన ప్రశ్నలకు "లేదు" "లేదు" అని కొట్టేసుకుంటూ పోయాడేమో చూడండి. తప్పుంటే వెంటనే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించండి. నచ్చకపోతే 30 రోజుల్లోపు పాలసీ వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది. క్లెయిమ్ అన్యాయంగా ఆపితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, వాళ్లు 30 రోజుల్లో తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇలాంటి గొడవలు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

అమ్మగారి సంగతి. డబ్బు మిగిలితే అమ్మగారికి విడిగా, షుగర్ బీపీ రాసి, ఒక పాలసీ తీసుకోండి. వెయిటింగ్ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. మిగలకపోతే బాధపడకండి, ఆ పాలసీ లేదని అమ్మను చూసుకోనట్టు కాదు. నేనైతే ఆ డబ్బులో కొంత ప్రతి నెలా ఒక ఖాతాలో వేసి, ముట్టుకోకుండా ఉంచుతాను. షుగర్ ఉన్నవాళ్లకు అసలు ఖర్చు ఆసుపత్రిలో కాదు, నెల నెలా మాత్రలు, టెస్టులు, కాలికి చిన్న పుండు పడితే డ్రెస్సింగులు. వీటికి ఆరోగ్యశ్రీ ఇవ్వదు, మామూలు హెల్త్ పాలసీ కూడా ఇవ్వదు, రెండూ ముఖ్యంగా అడ్మిషన్ కోసమే ఉన్నాయి. కానీ బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, రక్త పరీక్షలు అక్కడి నుంచే తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు పంపి చేయిస్తారు, ఫోన్‌కు రిపోర్టు వస్తుంది. అమ్మగారిని ఒకసారి మీ దగ్గర్లోని బస్తీ దవాఖానకు తీసుకెళ్లి పేరు రాయించండి. ప్రభుత్వ వైద్యం అంటే మనకు ఆరోగ్యశ్రీ కార్డే గుర్తొస్తుంది గానీ, ఇలా నెల నెలా అందే మందుల వల్ల ఆసుపత్రి దాకా పోయే పరిస్థితే తప్పుతుంది. ప్రైవేటు పాలసీ ఉంది కదా అని దీన్ని వదులుకోవద్దు.

పాము కాటు, కాలిన గాయాలు, పెద్ద యాక్సిడెంట్ లాంటివాటికి వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంను చిన్నచూపు చూడకండి. అక్కడ రద్దీ, ఇబ్బంది ఉన్న మాట నిజమే, కానీ అలాంటి కేసులు రోజూ చూసే చెయ్యి అక్కడుంది. చాలా చిన్న ఆసుపత్రులు డబ్బు కట్టించుకున్నాక కూడా చివరికి పంపేది అక్కడికే.

జాబితాలో లేని చికిత్స పడి, పాలసీ కూడా అందకపోతే ముఖ్యమంత్రి సహాయనిధి ఒకటుంది. నిమ్స్ లాంటి చోట చికిత్సకు ముందే ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం కడుతుందని హామీ ఇచ్చే లేఖ) తెచ్చుకోవచ్చు, ఇతర చోట్ల బిల్లులు కట్టి తర్వాత దరఖాస్తు చేస్తారు. అసలు బిల్లులు అడుగుతారు కాబట్టి ఒక్క కాగితం కూడా పారేయకండి. ఆరోగ్యశ్రీ మీదో, ఇన్సూరెన్స్ మీదో వచ్చేసిన బిల్లును మళ్లీ దీనికి పెట్టకూడదు.

నాన్నగారికి మాత్రం మీరు రాయని ఒక సదుపాయం ఉంది. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు అని కేంద్రం 2024 అక్టోబర్ 29న మొదలుపెట్టింది. ఏడాదికి 5 లక్షలు, ముందు నుంచి ఉన్న జబ్బులకూ మొదటి రోజు నుంచే. ప్రైవేటు హెల్త్ పాలసీ ఉన్నవాళ్లు కూడా తీసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. రేపు మీ రేషన్ కార్డు పోయినా నాన్నగారికి ఇది ఉంటుంది. దగ్గర్లోని ఆసుపత్రుల్లో ఏవి దీన్ని తీసుకుంటున్నాయో ముందే అడిగి పెట్టుకోండి, చేర్చే రోజు కాకుండా. వయసుకు వాళ్లు చూసేది ఆధార్ ఒక్కటే. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో పుట్టిన తేదీ ఉజ్జాయింపుగా రాసి ఉంటుంది, మా అత్తగారికి నాలుగేళ్లు తక్కువ పడింది. ఈ వారంలో నాన్నగారి ఆధార్ తీసి చూడండి, తేదీ తప్పుంటే మిగతా పనులన్నిటికంటే ముందు అది సరిచేయించండి.